మా అవ్వ అరవై ఏండ్ల పండుగకు ఏ హోటలు?

ఏ హోటల్లో తినాలె అన్నది కూడా ఒక సమస్యేనా అని మీరు అడుగుతరు. అడగండి. మీకు అది సమస్య కాదు. జేబుల పైసలెన్ని ఉన్నయి, బండి పెట్టుకోను జాగ ఉన్నదా, పిల్లలు ఏమడుగుతున్నరు - ఈ మూడు చూసుకుంటే మీ పని అయిపోతది. మాకు నాలుగోది ఒకటి ఉంటది. హైదరాబాదు వచ్చినా, సర్కారు కొలువు వచ్చినా, నెల కాంగనే బ్యాంకుల జీతం పడ్డా ఆ నాలుగోది మా ఎంబడి వస్తది. దాన్ని గురించే రాస్తున్న.

మా దిక్కు అమ్మను అవ్వ అంటం. కోస్తా అన్నలు చదివి నాయనమ్మ అనుకునేరు, అందుకని చెప్తున్న. మా అవ్వకు 2025 జనవరి 1 నాడు అరవై ఏండ్లు నిండినయి. నిండినయని ఆధార్ కార్డు చెప్పింది. అవ్వకైతే ఆ సంగతి తెల్వదు. ఆమెను కన్ననాడు మా అమ్మమ్మ చేనుల కలుపు తీసి వచ్చిందట, పెసరకాయ కోతకొచ్చిన దినాలట. అంటే వానకాలం పోతున్న రోజులు. ఆధార్ తీసేటాయన అవ్వను చూసి, జుట్టు చూసి, నన్ను చూసి, 01-01-1965 అని కొట్టిండు. మా వాడకట్టు ముసలోళ్ళ కార్డులన్నీ ఒక్కపారి ముందర పరిచి చూడుండ్రి. సగం వాడ జనవరి ఒకటినే పుట్టింది.

నేను పంతులమ్మను. ఈ లెక్క నాకు బడి నుంచే తెలుసు. ఎనకట మా ఊర్ల మాదిగ పిల్లలు బడికి పోతే పెద్దసారు చెయ్యి తల మీదికెల్లి తిప్పి చెవి అందుతదా అని చూసేటోడు. అందితే ఐదేండ్లు. ఇగ రిజిష్టర్ల జూన్ ఒకటో, జూలై ఒకటో రాసుడు. నా సర్టిఫికెట్ల మీద కూడా అదే ఉన్నది. ఆ తారీకుతోనే పదో తరగతి పాసైన, ఆ తారీకుతోనే 2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చింది, ఆ తారీకుతోనే రిటైరైత. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లోనే వచ్చింది. కానీ చట్టం ఊర్లకొచ్చి, ఊరు దాటి, వాగు దాటి వాడకు రానీకి ఇంకెన్నేండ్లు పట్టిందో నా బడి రిజిష్టర్లే సాక్ష్యం. ఊర్ల పటేలు కొడుకు పుట్టిన ఘడియ, నక్షత్రం, రాశి అన్నీ పంచాంగంల ఉంటయి. కన్నది ఇద్దరు తల్లులే. కాగితం ఒకరికే దొరికింది.

అయితే ఆ ఆధార్ ఆయన తెలిసి కొట్టిండో తెల్వక కొట్టిండో గానీ, మంచి తారీకే కొట్టిండు. 1818 జనవరి 1 నాడే కోరేగావ్‌ల మహర్ సిపాయిలున్న పటాలం పీష్వా సైన్యాన్ని నిలవేసింది. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం కాడికి పోయిన్రు. మా అవ్వకు ఈ కథ చెప్తే, "అయితే ఆ దినమే ఉండనీ తియ్" అన్నది. అట్ల మా ఇంట్ల మొట్టమొదటి పుట్టినరోజు ఖాయమైంది. నా బిడ్డ పట్టుబట్టింది. అమ్మమ్మకు కేకు కోయాలె, అందరం హోటల్లో తినాలె అని. ఇప్పటి పిల్లలకు పుట్టినరోజంటే హోటలే.

హోటలు అనంగనే మా అవ్వ ఒక మాట అడిగింది. "కూసోని తినొచ్చునా? గిలాస మనమే కడగాల్నా?"

నవ్వకుండ్రి. మా ఊరి బస్సు స్టేజి కాడ ఒక చాయ్ హోటలుండె. తడకల హోటలు, ముందట రెండు బల్లలు. బల్ల మీద కూసునేది ఊరోళ్ళు. మా వాడోళ్ళకు గోడకు మొల కొట్టి సత్తు గిలాసలు తగిలిచ్చి ఉండేవి. తీసుకోవాలె, కడుక్కోవాలె, పట్టుకోని నిలవడాలె. చాయ్ పోసేటాయన మీదికెల్లి పోస్తడు, గిలాసకు గిన్నె తాకద్దు. తాగినంక మళ్ళ కడిగి మొలకే తగిలియ్యాలె. చాయ్ పైసలు మాత్రం ఊరోళ్ళకెంతో మాకూ అంతే. అండ్ల ఏ భేదం లేదు. పైసలు కింద పెట్టుమనేటోడు, పెట్టినంక నీళ్ళు చల్లి తీసుకునేటోడు. పైసల అంటు నీళ్ళతోని పోతది, మనిషి అంటు పోదు.

మా నాయిన పదహారేండ్లు పటేలింట్ల జీతమున్నడు. అవ్వ నాట్లకు, కలుపుకు, కోతలకు పోయింది. పొద్దంతా వంగి నాటేసిన ఆ వరి ఏ హోటల్ల అన్నమైందో ఆమెకు తెల్వదు. కానీ ఆ అన్నం పెట్టే తావుల కూసునే హక్కు ఉన్నదా లేదా అన్నది అరవై ఏండ్లకు అడిగింది. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో క్లాజుల రాసి ఉన్నది. దుకాణాలు, హోటళ్ళు, రెస్టారెంట్లు, బావులు, చెరువులు, ఎక్కడ గానీ కులం పేరు మీద ఎవర్నీ ఆపొద్దని. 1955లో అంటరానితనం నేరమని చట్టమొచ్చింది. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిన్రు. 1989లో అత్యాచారాల చట్టం. మొలకు తగిలేసిన గిలాసలకు వీటిల ఏ ఒక్కటీ చదువరాదు.

మా స్టాఫ్ రూముల ఈ సంగతి చెప్పిన. దావత్ చేద్దామనుకుంటున్నం, మంచి హోటలు చెప్పుండ్రి అని. ఒక సారు వెంటనే అన్నడు, "ఓ, షష్టిపూర్తా మేడం? మీలో కూడా చేస్తరా?" ఆ "మీలో" అన్న మాట వినుండ్రి. చెడ్డాయన కాదు. నా ఇంక్రిమెంట్ ఫైలు ఆగితే ఎంఈవో ఆఫీసుకు వచ్చి మాట్లాడిండు. అయినా ఆ మాట నాలిక మీదనే ఉంటది. ఆయనే ఒక హోటలు పేరు చెప్పిండు. "ప్యూర్ వెజ్ మేడం, నీట్‌గా ఉంటది, ఫ్యామిలీలు వస్తరు."

నీటు అంట. ఫ్యామిలీలు అంట. ఈ రెండు మాటల్ని పట్టుకోవాలె. మాంసం వండని తావు నీటైనప్పుడు వండే తావు ఏమైతది? అక్కడికి వచ్చేటోళ్ళు ఫ్యామిలీలైతే కల్లు కాంపౌండు పక్కన బోటి కూరతోని అన్నం తినే మా మేనత్త ఇల్లు ఏందది? "ప్యూర్" అన్నది వంట పేరు కాదు. మడి అన్న మాటకు ఇంగ్లీషు అంగీ తొడిగిన్రు, అంతే. పప్పుల ఏ ప్యూరు ఉన్నది, కూరల ఏ ఇంప్యూరు ఉన్నది? పప్పు పండిన చేనుకు మా పెంటకుప్ప ఎరువే పడ్డది.

లెక్క చూద్దాం. 2014లో కేంద్రం రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు సర్వే చేస్తే తెలంగాణల పదిహేనేండ్లు దాటినోళ్ళల్ల 98 శాతం కంటె ఎక్కువమంది మాంసం తినేటోళ్ళని తేలింది. నూటికి తొంభై ఎనిమిది మంది తినేదాని పేరేంది? "నాన్" వెజ్. ఇద్దరు తినేది అసలు తిండి, తొంభై ఎనిమిది మంది తినేది అది కానిది. నేను బడిల లెక్కలు చెప్త. ఏ పిల్లగాడన్నా ఇట్ల లెక్క చేస్తే తప్పు కొడ్త. దేశం చేస్తే సంస్కృతి అంటున్నరు. వెనకట మాంసం పెట్టే హోటళ్ళకు మిలిటరీ హోటలని పేరుండె. అంటే మామూలు మనిషి తినేది కాదు, తుపాకి పట్టేటోడు తినేది అన్నట్టు.

"ఇప్పుడు హోటళ్ళల్ల కులమెవరడుగుతున్నరు మేడం, మీరే పట్టుకోని తిరుగుతున్నరు" అని ఇంకొక టీచరమ్మ అన్నది. నిజమే, గల్మకాడ ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేకుండ చేసిపెట్టిన్రు. ఒక సెలవు దినం దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా బస్సుల కిటికీ పక్కన కూసోని బోర్డులు చదువుండ్రి. రాజుల పేరు మీద పులావు, రెడ్ల పేరు మీద మెస్సు, చౌదర్ల పేరు మీద విందు, అయ్యంగార్ల పేరు మీద బేకరీ, బ్రాహ్మణుల పేరు మీద పచ్చడి. కులం ఎక్కడున్నదని నన్నడుగుతరా? ట్యూబులైటు పెట్టి రాసుకున్నరు గదా! మాదిగ మెస్సు అని, మాల భోజనం అని ఒక్క బోర్డు చూపియ్యుండ్రి. ఎందుకు లేదు? మాకు వండరాదా? పెండ్లిండ్లకు డేగిశాలు దించేది మేమే, పెద్ద పెద్ద కేటరింగులల్ల ఉల్లిగడ్డ కోసేది మేమే, బల్ల తుడిచేది మేమే, ఎంగిలి పళ్ళాలు కడిగేది మేమే. వెనకకెల్లి అందరం ఉన్నం. ముందర బోర్డు మీద లేము.

1957లో మద్రాసు ట్రిప్లికేన్‌ల ఒక హోటలు బోర్డు మీద "బ్రాహ్మణ" అన్న మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు రోజూ పోయి నిలవడ్డరు, జైళ్ళకు పోయిన్రు. ఒక్క మాటకు అంత లొల్లి ఎందుకని అప్పుడు కూడా అడిగిన్రు. ఒక బోర్డు మీద బ్రాహ్మణ అని రాసుకుంటే పక్క బోర్డు మీద శూద్ర అని రాయకున్నా రాసినట్టే. ఇప్పుడు ఆ మాట పోయి "ప్యూర్ వెజ్" వచ్చి కూసున్నది. 2024 మార్చిల జొమాటో కంపెనీ శాకాహారం మోసేటోళ్ళకు వేరే దళం, ఆకుపచ్చ అంగీలు అని ప్రకటించింది. జనం తిడితే తెల్లారేసరికి అంగీ రంగు వెనకకు తీసుకున్నది, వేరే దళాన్ని మాత్రం తీయలేదు. వేరే అంగీ ఉంటే ఎర్రంగీ పిల్లగాడిని అపార్ట్‌మెంటు గేటు కాడనే ఆపుతరని కంపెనీకే భయమైంది. అంటే ఎవరు ఆపుతరో వాళ్ళకు ఎరికే. 2023లో బొంబాయి ఐఐటీ హాస్టల్ మెస్సుల కొన్ని బల్లలు శాకాహారులకే అని పెడితే, కాదని కూసున్న విద్యార్థికి పదివేల రూపాయల జుర్మానా వేసిన్రు. మా ఊరి మొల గిలాస అక్కడ బల్ల అయ్యింది.

ఇగ నేను ఫోన్లు చేసుడు మొదలుపెట్టిన. మా సారు చెప్పిన హోటలు లాంటిదానికే ముందు చేసిన, చూద్దామని. పేరు రాయను. ఒకదాని పేరు రాస్తే మిగిలినవి మంచివనుకుంటరు. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పన్నెండు మందికి బల్ల ఇస్తమన్నది, బెలూన్లు కడ్తమన్నది. కేకు మీరే తెచ్చుకోవచ్చు మేడం, అయితే ఎగ్‌లెస్ అయ్యుండాలె, బిల్లు చూపియ్యాలె అన్నది. కోడిగుడ్డు కూడా గల్మ దాటొద్దన్న మాట. నా బడిల మధ్యాహ్న భోజనంల గుడ్డు పెట్టే దినం హాజరు ఎట్లుంటదో ఆ అమ్మాయికేం తెలుసు. ఆ గుడ్డు కోసమే చెప్పులు లేకుండ రెండు కిలోమీటర్లు నడిచి వచ్చే పిల్లలున్నరు. ఆ మధ్యాహ్న భోజనంల కూడా వండేటామె ఎవరని చూసి గిన్నెలు పక్కకు జరిపిన ఊర్లున్నయి. అందుకే 2004 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు వంటకు దళితులకే మొదట అవకాశం ఇయ్యుమని ఆర్డరు చెయ్యాల్సి వచ్చింది. గుడ్డుకు బిల్లు అడిగే హోటలు, వంటామె కులం అడిగే ఊరు, ఈ రెండిటికి నడుమ ఏసీ ఒక్కటే తేడా.

తర్వాత పెద్ద పెద్ద బిర్యానీ హోటళ్ళకు చేసిన. నేను అడిగింది ఒక్కటే మాట. పెద్దకూర ఉంటదా?

ఫోనులో నిశ్శబ్దం. ఒకాయన "మాది డీసెంట్ హోటల్ మేడం" అన్నడు. ఒకామె అర్థం కాక మటన్ ఉందన్నది. ఒకాయన గొంతు తగ్గిచ్చి, "అట్ల ఫోన్ల అడగకండి మేడం, రోజులు బాలేవు" అన్నడు. ఆ మూడో ఆయన మీద నాకు కోపం రాలేదు. రోజులు నిజంగనే బాలేవు. 2015 సెప్టెంబర్‌ల దాద్రిల ఫ్రిజ్‌ల మాంసమున్నదన్న పుకారుకే ఒకాయనను కొట్టి చంపిన్రు. 2016లో ఉనాల చచ్చిన ఆవు తోలు తీస్తున్న పిల్లల బట్టలిప్పి నడిబజార్ల కొట్టిన్రు. మన ఉస్మానియాల 2012 ఏప్రిల్‌ల బీఫ్ ఫెస్టివల్ పెడితే రాళ్ళు పడ్డయి. 2015 డిసెంబర్‌ల మళ్ళ పెడ్తమంటే కోర్టు వద్దన్నది, పిల్లల్ని పోలీసులు ఎత్తుకపోయిన్రు. అప్పుడు నేను కొత్త టీచర్ను. పేపర్ల ఆ ఫోటోలు చూసుకుంట అన్నం తిన్న. ఇంట్ల ఏం కూరో మీకు చెప్పాల్నా?

ఒక మాట సాఫుగా చెప్పుకుందాం. 1977 చట్టం ఆవునూ దూడనూ కోయొద్దన్నది. ముసలైన బర్రెకు, పనికిరాని ఎద్దుకు సర్టిఫికెట్ తీసుకోని కోయొచ్చని అదే చట్టం చెప్పింది. బర్రె కూర తినుడు ఈ రాష్ట్రంల నేరం కాదు. నేరం కాని తిండిని నేరం లెక్క గొంతు తగ్గించి మాట్లాడేటట్టు చేసింది చట్టం కాదు, మీ ముక్కు. మీరు ముక్కు మూసుకున్నప్పుడల్లా మేము నోరు మూసుకున్నం. హైదరాబాదు హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. మేక మాంసంతోని చేసినదానికే వచ్చింది. అదే పాతబస్తీల పెద్దకూర హలీమ్ తాగి కడుపు నింపుకునే రిక్షా ఆయన గిన్నెకు ఏ గుర్తింపూ లేదు.

మనోళ్ళలోనే కొందరు అంటరు. బాబాసాహెబే మానుమన్నడు గదా అని. ఆయన 1927లో మహద్‌ల మానుమన్నది చచ్చిన గొడ్డు మాంసాన్ని. ఊరోళ్ళు ఈడ్చిపారేసినదాని కోసం కాచుకోని కూసునే బతుకును మానుమన్నడు, ఇంకొకరి పారేసిన కూటి మీద బతకద్దన్నడు. నచ్చిన కూర కొనుక్కోని వండుకోవద్దని అనలేదు. ఈ భేదం తెల్వకనే కొంతమంది మన ఉద్యోగులు గృహప్రవేశాలల్ల పనీరు, గోబీ, పుట్టగొడుగు పెట్టి, పెద్దసార్లు వస్తరని ఇంటెనుక బోటి కూర గిన్నె దాస్తున్నరు. దాసిన గిన్నె వాసన ఆగదు. పెద్దసార్లు తిని పోయినంక "మనోళ్ళ ఇల్లు లెక్కనే లేదు" అని పొగిడితే పొంగిపోతరు. ఆ పొగడ్త ఎంత పెద్ద తిట్టో!

మా తమ్ముడు కూడా అదే దారిల ఉన్నడు. మాదాపూర్‌ల సాఫ్ట్‌వేర్ కొలువు. "అక్కా, అవ్వకు మంచి పట్టుచీర కట్టిద్దాం, మంచి హోటలుకే తీస్కపోదాం. మా టీమోళ్ళను కూడ పిలుస్త. పెద్దకూర గిద్దకూర అని నువ్వు లొల్లి పెట్టకు" అన్నడు. నేను ఒక్కటే అడిగిన. "పండుగ అవ్వదా, మీ టీముదా?" అవ్వకు ఇష్టమైంది ఏందో వానికి తెల్వదా? వాన కురిసే దినాలల్ల దండెం మీద ఆరిన తునకలు దించి, కొంచెం కాల్చి దంచి, పుంటికూర వేసి అవ్వ వండితే ఇద్దరం ఒకే పళ్ళెంల కొట్లాడుకుంట తిన్నోళ్ళమే. నా బీఈడీ ఫీజు కట్టిన నెల ఇంట్ల నూనె లేదు. ఆ తునకలతోనే నెల గడిచింది. వాడు ఇంజనీరింగ్ చదివిన నాలుగేండ్లు కూడా ఆ దండెమే సాకింది. ఆ దండెం మీద ఆరినదానికి ఈ నగరంల ఒక్క మంచి పళ్ళెం దొరకదంటే, వాడు సిగ్గుపడాల్సింది నగరాన్ని చూసి. అవ్వను చూసి కాదు.

వాడు ఇంకో మాట అన్నడు. "లోపలికి రానిస్తున్నరు గదా అక్కా, ఇంకేం గావాలె?" ఈ మాట మా తమ్ముని ఒక్కనిది కాదు, చదువుకున్న మన పిల్లలు చాలామందిది. అందుకే వానికి చెప్పిన జవాబు ఇక్కడ రాస్తున్న. 1917లో బాబాసాహెబ్ పెద్ద చదువులు చదివొచ్చి బరోడా కొలువుకు పోతే ఏ హిందూ హోటలూ ఉండనియ్యదని పార్సీ పేరు పెట్టుకోని పార్సీ సత్రంల దిగిన్రు. కొన్నాళ్ళకే కర్రలు పట్టుకోని వచ్చి వెళ్ళగొట్టిన్రు. పేరు దాసుకుంటెనే చోటు, బయటపడితే కర్ర. ఇప్పుడు పేరు దాయాల్సిన పని లేదు, నిజమే. తిండి దాయాలె. మనం లోపలికి పోవచ్చు, మన కూర పోవద్దు. మన జీతం పోవచ్చు, మన అవ్వ మాట తీరు పోవద్దు. సగం మనిషిని గల్మల చెప్పుల కాడ ఇడిసిపెట్టి మిగిలిన సగం పోయి పనీరు తినొచ్చుడు నాకొద్దు.

ఆఖరుకు టోలిచౌకి దిక్కు ఒక చిన్న హోటలు దొరికింది. కల్యాణి బిర్యానీ పెడ్తరు. బీదర్ దిక్కు కల్యాణి నవాబుల ఇండ్లల్లకెల్లి వచ్చిన వంట అని చెప్తరు. బర్రె కూర చిన్న చిన్న తునకలు చేసి టమాట వేసి వండుతరు. పేదోళ్ళ బిర్యానీ అని దానికి పేరు. పేదోళ్ళది అంటే చిన్నతనమనుకునేటోళ్ళు అనుకోనీ. మీద ఫ్యామిలీ రూం ఉన్నది, ఫ్యాన్లు ఉన్నయి, ఏసీ లేదు. బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డకు రెండు బొక్కలున్నయి. ముస్లింల హోటళ్ళల్ల అంతా సమానమని పాట పాడను. అక్కడ కూడా పళ్ళాలు కడిగే రేకుల పంచల ఎవరున్నరో నేను తొంగి చూసిన. కాకపోతే మా తిండిని చూసి ముక్కు మూసుకునేటోళ్ళు అక్కడ లేరు. మేము ఎతికింది కూడా అదే.

నేను ఇంట్ల పుంటికూర తునకలు వండి స్టీలు డబ్బల పెట్టుకోని పోయిన. బయటి తిండి తేవద్దని గోడకు రాసి ఉన్నది. కౌంటరు మీది పెద్దాయనకు మూత తీసి చూపిచ్చి అవ్వ పుట్టినరోజని చెప్పిన. ఆయన వాసన చూసి, "అమ్మీజాన్ కా సాల్‌గిరా? లేజావ్" అన్నడు. కేకు ఉన్నది, గుడ్డు కేకే. కేకు కొయ్యమంటే అవ్వ కత్తిని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది కోడికి కూడ తెగది" అన్నది. ఎనిమిది మందిమి తిన్నం. మా తమ్ముడు కూడ వచ్చిండు, టీము లేకుండ. మొదలు ఫోను చూసుకుంట కూసున్నడు గానీ డబ్బ తెరిచినంక ఫోను పక్కకు పెట్టిండు.

తిన్నంక అవ్వ లేసి తన పళ్ళెం, గిలాస పట్టుకోని నల్లా ఎక్కడున్నదని చూసింది. తమ్ముడు గబగబ గుంజుకున్నడు, మొఖం ఎర్రగైంది. "అవ్వా, ఇది హోటలే, అందరు చూస్తున్నరు" అన్నడు. "చూడనీయరాదుర, నలభై ఏండ్లు కడిగిన, ఇయ్యాల ఒక్కదినం కడగకుంటే చెయ్యి గులగుల పెడ్తది" అన్నది అవ్వ. బల్ల తుడిచే పిల్లగాడు పదహారేండ్లు ఉంటడేమో, బడిల ఉండాల్సినోడు. ఏ ఊరు బిడ్డా అంటే వానికి తెలుగు రాలేదు. పేరు అడిగితే చెప్పిండు గానీ ఇంటిపేరు చెప్పలేదు. నేను కూడ అడగలేదు.

బిల్లు రెండు వేలు కాలేదు. అవ్వ దాన్ని చేతుల పట్టుకోని కూలీ దినాలల్ల లెక్కగట్టింది. ఇప్పుడు ఆమె కూలికి పోతలేదు గానీ ఏ లెక్కకైనా ఆమెకు కొలత అదే.

ఏప్రిల్‌ల మా తమ్ముని కొడుకుకు మొదటి పుట్టినరోజు. కార్డులు అచ్చయి వచ్చినయి. కొండాపూర్‌ల పెద్ద హోటలు, మెత్తటి కాగితం మీద బంగారు రంగు అక్షరాలు, కింద చిన్నగ ఆకుపచ్చ చుక్క పెట్టి "ప్యూర్ వెజ్ బఫే" అని రాసిన్రు. నేను రానని చెప్పిన. వాడు అలిగిండు, మరదలు ఏడ్చింది. అవ్వ మాత్రం పోతనే అన్నది. "పోకపోతే ఎట్ల? మనుమని పండుగ. పోయి ఆ వడ్డించేటోన్ని అడుగుత, పెద్దకూర యాడ పెట్టిన్రు బిడ్డా అని."